కచ్చేరీకి కడదాకా కూర్చుందాం



పండుగ రోజులు దగ్గర పడుతున్నాయి. గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో పందిళ్లు వేస్తారు, పాటకచ్చేరీలు పెడతారు. శాస్త్రీయ సంగీతం నేర్చిన గాయని వస్తోందనగానే మన ఆడవాళ్లలో రెండు మాటలు వినబడతాయి. “అమ్మో, అదంతా మనకేం తెలుస్తుంది!” అని ఒకరు. “సినిమా పాటలు కూడా పాడుతుందట, ఇంకేం సంగీతం!” అని మరొకరు. రెండూ సరికావని నా ఉద్దేశం.

శ్రీరంగం గోపాలరత్నం గారిని తలుచుకోండి. 1939లో పుట్టారు. శ్రీపాద పినాకపాణి గారివంటి పెద్దల దగ్గర నేర్చుకున్నారు. త్యాగరాజ కృతి పాడిన గొంతుతోనే క్షేత్రయ్య పదమూ, అన్నమయ్య కీర్తనా, రేడియోలో లలితగీతమూ పాడారు. 1992లో పద్మశ్రీ వచ్చింది, 1993లో కన్నుమూశారు. లలితగీతం పాడినందుకు ఆవిడ విద్వత్తు తరిగిపోయిందా చెప్పండి? బాలమురళీకృష్ణ గారు 1967లో ‘భక్త ప్రహ్లాద’ సినిమాలో నారదుడి వేషం కట్టి పాడారు. హిందూస్తానీ గాయకుడు భీమ్‌సేన్ జోషీతో జుగల్‌బందీలు చేశారు. ఆయన్ను ఎవరైనా చిన్నచూపు చూశారా?

నేర్చిన గొంతు ఒక్కో పాటకు ఒక్కో తీరున పనిచేస్తుంది. పదం చాలా నెమ్మదిగా నడుస్తుంది. ఊపిరి మీద అదుపు లేకపోతే మాట మధ్యలో తెగిపోతుంది. లలితగీతంలో గమకాలు తగ్గించి మాట స్పష్టంగా పలకాలి. తెలిసిన విద్యను దాచుకోవడం కూడా విద్యే. జానపదానికి మాత్రం గొంతు విప్పాలి. దానికి సంగతుల మీద సంగతులు తగిలిస్తే నాకు నచ్చదు. నాగర్‌కర్నూల్ జిల్లా కిన్నెర మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన పాటకు ఆ మోటుదనమే అందం కదండీ!

రాగాల పేర్లు తెలియకపోయినా ఫరవాలేదు. మామూలుగా ముందు వర్ణం, తరువాత కృతులు, నడుమ ఒక పెద్ద కృతి, ఆ వెంట మృదంగం తని ఆవర్తనం వస్తాయి. పదాలు, జావళీలు, భజనలు, తిల్లానా చివరకు. అంటే రకరకాల పాటలు పాడడం కొత్త ఫ్యాషనేమీ కాదు, కచ్చేరీలోనే ఉంది. మనం ఏం చేస్తాం? తని మొదలవగానే లేచిపోతాం. లేకపోతే కృతి మధ్యలోనే సినిమా పాట కోసం చీటీ పంపిస్తాం. చీటీ పంపండి, తప్పులేదు. పెద్ద కృతి అయ్యాక పంపండి.

అయితే లేచిపోయే తప్పంతా మనదే అంటే నేనొప్పుకోను. ఆరింటికని కార్డు వేస్తారు. ఉపన్యాసాలు, శాలువాలు, దండలు అయ్యేసరికి ఎనిమిది. పిల్లల అన్నాలు, చివరి బస్సు ఎవరు చూస్తారు? గాయని గొంతు వేడెక్కే వేళకు ఆడవాళ్ల కుర్చీలు సగం ఖాళీ! గద్వాల సంస్థానాన్ని చివరగా ఏలింది మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ గారు. ఆమె పేరుతో డిగ్రీ కళాశాల ఉంది. ‘విద్వద్గద్వాల’ అని పేరుపడిన ఊళ్లో ఆడవాళ్లకు పాట పూర్తిగా వినే వీలు లేకపోతే ఎట్లా?

ఈసారి కార్డు ఇవ్వడానికి నిర్వాహకులు ఇంటికొచ్చినప్పుడు గుమ్మంలోనే అడగండి: “సన్మానాలు పాటకు ముందా, తరువాతా?” తరువాతే పెట్టమనండి. ఆ పూటకు పులిహోర కలిపి ఉంచేస్తే చాలు, ఇంట్లో వాళ్లు పెట్టుకుని తింటారు.