పురిటి గది తలుపు



మా యిల్లు జూబ్లీహిల్స్‌లో, కాసు బ్రహ్మానందరెడ్డి పార్కుకు దగ్గర్లో వుంది. వానాకాలం వచ్చిందంటే చాలు, తెల్లవారకముందే పార్కులోంచి నెమళ్ళ కేకలు వినిపిస్తాయి. మగ నెమలి పురి విప్పి ఆడుతుంటే నడకకు వచ్చినవాళ్ళంతా ఆగి చూస్తారు. ఆ ఆట ముగిశాక ఆడ నెమలి యే పొదకిందో నేలమీద నాలుగైదు గుడ్లు పెట్టుకుని, దాదాపు నెలరోజులు ఒంటరిగా పొదుగుతుంది. మగ నెమలి అటుకేసి తిరిగి చూడదు. ఆటను చూసేవాళ్ళు వందమంది. పొదిగేదాన్ని మాత్రం యెవరూ చూడరు. చూడకపోవడమే దానికి మంచిదని నాకు యీమధ్యనే తెలిసింది. ఆ సంగతే యివాళ మీతో చెప్పుకుందామని వచ్చాను.

మా కోడలికి రెండో కాన్పు అయింది. నెల తక్కువ బిడ్డ. ఆసుపత్రి నుంచి యింటికి వచ్చాక కోడలు గది తలుపు దగ్గరగా వేసుకుని, "అత్తయ్యా, బారసాల యిప్పుడే వద్దు. మూడు నెలలు పోయాక చేద్దాం. అందాకా యెవర్నీ రావద్దని చెప్పండి" అంది. నేను అప్పటికే నలభై మందిని పిలిచాను. పెద్దవాళ్ళు వచ్చి అక్షింతలు వేసి దీవించకపోతే పిల్లవాడికి యేం శుభం? నా యింట్లో నా మనవణ్ణి చూడడానికి నా వాళ్ళు రాకూడదా? నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే మర్నాడు ఆరేళ్ళ మనవరాల్ని వెంటబెట్టుకుని జూకి బయలుదేరాను. సోమవారం జూకి సెలవు. మేము వెళ్ళింది బుధవారం.

మా అబ్బాయి ఫిల్మ్‌నగర్‌లో సినిమాల గ్రాఫిక్స్ పని చేస్తాడు. పులులూ సింహాలూ జనం మీదికి దూకే సీన్లన్నీ యిప్పుడు కంప్యూటర్‌లో తయారయ్యేవే. పులి, సింహం, ఎలుగుబంటి, కోతి వంటివాటిచేత ఆటలు ఆడించడాన్ని ప్రభుత్వం యేనాడో నిషేధించింది. అదీ మంచిదే. కానీ మా పిల్లకు పులి అంటే నాన్న ఆఫీసులో తయారయ్యే వస్తువు. జూలో పులి యెన్‌క్లోజర్ ముందు నిలబడి, "నానమ్మా, యిది యెవరు చేశారు?" అంది. నాకు నవ్వు రాలేదు సుమండీ. భయం వేసింది.

మీలో చాలామంది పిల్లలతో అక్కడికి వెళ్ళేవుంటారు. మీరాలం చెరువు పక్కన, బహదూర్‌పురాలో, 380 ఎకరాల్లో వుంది మన నెహ్రూ జూపార్కు. 1959లో పునాది పడింది. 1963 అక్టోబర్‌లో జనానికి తెరిచారు. అంతకుముందు జంతువుల్ని పబ్లిక్ గార్డెన్స్‌లో, పాత బాగే-ఆమ్‌లో వుంచేవారు. ఆ తోటలోంచి నడిచి వచ్చిన పాత కాపురస్తుల్లో రాణి అనే ఆడ యేనుగు ఒకటి. 2020లో మన సినిమావారి యింటి కోడలు ఉపాసన కొణిదెల ఆ రాణిని యేడాదిపాటు దత్తత తీసుకుని, పోషణకు 5 లక్షల రూపాయలు యిచ్చారు. మరుసటి యేడు జూన్‌లో, 83 యేళ్ళ వయసులో, వృద్ధాప్యంతో రాణి కన్నుమూసింది. అడవిలో యేనుగుకి అన్నేళ్ళు బతకడం అరుదు. ముసలిదాన్ని అన్నేళ్ళు కనిపెట్టుకుని వున్నవాళ్ళ పేర్లు మాత్రం మనకు తెలియవు.

అలా కనిపెట్టుకుని వుండేవాళ్ళలో ఒకాయనతో ఆ రోజు నాకు మాటలు కలిశాయి. ముప్ఫై యేళ్ళకు పైగా అక్కడే పనిచేస్తున్నాడట. నీడలో కూర్చుని టిఫిను డబ్బా విప్పుతున్నాడు. మా మనవరాలి ప్రశ్న విని, "యెవరూ చెయ్యలేదు బిడ్డా, వాళ్ళమ్మ కన్నది" అన్నాడు. అక్కణ్ణించి మాట సాగింది.

"పులి ఈనిందంటే మాకు నిద్ర వుండదమ్మా. గని దగ్గరికి మాత్రం పోం. కెమెరాల చూస్తం. రోజూ పోయేటోడు ఒక్కడే పోవాలె. కొత్త మనిషి వాసన తగిలిందా, తల్లి బెదుర్తది. బెదిరిన తల్లి పిల్లల్ని నోట కరుసుకొని ఆడికీ యీడికీ తిరుగుతది. పాలియ్యదు. ఒక్కోపారి తనే సంపుకుంటది."

"కన్నతల్లి చంపుకోవడం యేమిటయ్యా?" అన్నాను.

"దాని తప్పు గాదమ్మా. యీ జాగల బిడ్డ బతకదని దానికి అనిపిస్తది. అట్ల అనిపించేటట్టు చేసింది మనం."

పులి మూడున్నర నెలలు మోస్తుంది. పుట్టిన కూన కిలో బరువుంటుంది, కళ్ళు తెరవదు. తల్లి పాలివ్వకపోతే యేం చేస్తారని అడిగాను. "అప్పుడు మేమే తల్లులం" అన్నాడు. రాత్రింబవళ్ళు మూడు నాలుగు గంటలకొకసారి సీసాతో పాలు పట్టాలి. పాలు తాగాక తడిగుడ్డతో పొత్తికడుపు కింద మెల్లగా తుడవాలి. తల్లి నాలికతో నాకినట్టన్నమాట. అది చేయకపోతే కూనకి ఒకటికీ రెంటికీ కాదు. యింతా చేసి పెంచితే, "మనిషి చేతుల పెరిగిందానికి మనిషే లోకం అయితది. పెద్దగైనంక తన జాతితోని కలవడం దానికి కష్టం. అందుకే తల్లి దగ్గర వుండేటట్టు చూసుడే మా పని. మేం యెంత తక్కువ కనబడితే అంత మంచి పని చేసినట్టు" అన్నాడు.

జూలో పిల్లలు పుడితే పేపర్లో ఫోటో వస్తుంది, మనం సంతోషిస్తాం. యెన్ని పుడితే అంత గొప్ప అనుకుంటాం. అలా కాదట. యే మగదాన్ని యే ఆడదానితో కలపాలో లెక్క వుంటుంది. తల్లి యెవరు, తండ్రి యెవరు, తాతలు యెక్కడివాళ్ళు అని వంశావళి రాసిపెడతారు. 1992లో యేర్పడిన సెంట్రల్ జూ అథారిటీ దేశంలోని జంతు ప్రదర్శనశాలలన్నిటికీ నియమాలు పెట్టింది. ఒక వూరి జూకీ మరో వూరి జూకీ జంతువుల మార్పిడి జరిగేది యిందుకే. అంటే వియ్యం అందుకోవడమే! "మేనరికాలు యీడ పనికిరావమ్మా" అని నవ్వాడాయన. నేను మా మేనబావనే చేసుకున్నదాన్ని. నోరు మూసుకుని విన్నాను.

తెల్లపులుల కథ మీకు చెప్పాలి. 1951లో రీవా మహారాజుకు అడవిలో ఒక తెల్లపులి పిల్ల దొరికింది. మోహన్ అని పేరు పెట్టారు. దాన్ని మామూలు ఆడపులితో కలిపితే మామూలు రంగు పిల్లలే పుట్టాయి. చివరికి దాని కూతురితోనే జత కట్టించారు. అప్పుడు తెల్ల పిల్లలు పుట్టాయి. మనం ముచ్చటపడి చూసే తెల్లపులుల్లో చాలావాటి మూలం అక్కడే వుంది. ఆ రంగు కోసం దగ్గర రక్తంలోనే జతలు కట్టించినందువల్ల మెల్లకన్ను వంటి లోపాలు వాటిని వదల్లేదు. చూసేవాళ్ళ ముచ్చటకు బిడ్డలు మోసే బరువు అది.

మరి పుట్టుక నిజంగా అవసరమైన చోట యెలా చేస్తారు? మూషిక జింక సంగతి వినండి. నల్లమల అడవుల్లో వుండే బుల్లి జింక యిది. అడుగు యెత్తు, మూడు కిలోల బరువు. కొమ్ములు వుండవు. పగలంతా దాక్కుని, రాత్రి తిరుగుతుంది. మన అత్తాపూర్‌లో, జూకి వెళ్ళే దారిలోనే, అంతరించిపోతున్న జంతువుల కోసం పనిచేసే లాకోన్స్ అనే పరిశోధనశాల వుంది. సి.సి.ఎం.బి.కి చెందినది. 2006లో దేశంలో మొదటిసారిగా కృత్రిమ గర్భధారణతో చుక్కల జింక పిల్ల పుట్టింది వాళ్ళ చేతులమీదుగానే. దానికి స్పాటీ అని పేరు పెట్టారు. 2010లో వాళ్ళూ, జూవాళ్ళూ కలిసి కొద్దిపాటి మూషిక జింకలతో సంతతి పెంచే పని మొదలుపెట్టారు. సందర్శకులకు చూపించని చోట, సందడికి దూరంగా.

జింక చూలుతో వుందో లేదో తెలుసుకోవాలంటే పట్టుకుని సూది గుచ్చి రక్తం తీయాలి. బెదురు జంతువు, ఆ భయానికే చావవచ్చు. అందుకని పెంటికలు యేరి పరీక్ష చేసి చెప్పారు. అయిదు నెలలు మోస్తుందనీ, ఈనిన కొన్ని గంటలకే మళ్ళీ జత కడుతుందనీ అలా ముట్టుకోకుండానే తెలుసుకున్నారు. యేడేళ్ళు గడిచేసరికి ఆ మంద రెండు వందలు దాటింది. 2017లో కొన్నిటిని ఆమ్రాబాద్ పులుల అభయారణ్యానికి తీసుకువెళ్ళారు. ముందు అడవిలోనే కంచె వేసి అలవాటు చేసి, తరవాత వదిలారు. కన్నబిడ్డను అత్తవారింటికి పంపినట్టు అనిపించిందట పెంచినవాళ్ళకు. తేడా అల్లా ఒకటే. యీ బిడ్డ మళ్ళీ పుట్టింటి మొహం చూడకూడదని కోరుకోవాలి!

రాబందుల్ని కూడా అక్కడ యిలాగే కాపాడుతున్నారు. పశువులకు నొప్పి తగ్గడానికి వాడిన డైక్లోఫెనాక్ మందు, ఆ కళేబరాలు తిన్న రాబందుల్ని దేశమంతటా చంపేసింది. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించారు. రాబందు యేడాదికి ఒకే ఒక గుడ్డు పెడుతుంది. ఆ ఒక్కటీ చెడిపోతే ఆ యేడంతా పోయినట్టే. అలాంటి గూటి దగ్గరకు వెళ్ళి యీల వేసే హక్కు యెవరికుంటుంది చెప్పండి?

చివరిగా నేను అడక్కుండానే ఆయన ఒక మాట చెప్పాడు. 2021 యేప్రిల్ నెలాఖరు. కరోనా రెండో విడత. సింహాలు దగ్గడం మొదలుపెట్టాయి. ముక్కులు కారుతున్నాయి, తిండి ముట్టడం లేదు. లాకోన్స్‌లో పరీక్ష చేస్తే యెనిమిది సింహాలకు కరోనా అని తేలింది. మనదేశంలో జూ జంతువులకు అలా బయటపడటం అదే మొదలు. జూ తలుపులు మూశారు. అదృష్టం, యెనిమిదీ కోలుకున్నాయి.

"అవి యేడికీ పోలేదు గదమ్మా. మనమే తెచ్చినం. యెవరు తెచ్చిన్రో యెవరికీ తెల్వదు. నేనేనా అని యిప్పటికీ అనుకుంటుంట" అన్నాడు. ఆ మాట అంటూ డబ్బా మూత పెట్టేశాడు. అన్నం సగం అలాగే వుంది.

ప్రేమగా అన్నం పెట్టిన చెయ్యే రోగం మోసుకుపోయి వుండవచ్చు. అది తెలిసి మోసింది కాదు. మా యింటికి రాబోయే నలభై మందీ తెలిసి తెచ్చేవాళ్ళు కారు. అందరూ ప్రేమతోనే వస్తారు. మా మనవడు నెల తక్కువ బిడ్డ. తిరుగు ప్రయాణంలో మెహదీపట్నం వచ్చేదాకా నేను నోరు విప్పలేదు.

అయినా యిది కొత్త సంగతా? మన పెద్దవాళ్ళు పురిటి గది వేరే పెట్టారు. పదకొండు రోజులు యెవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. అందులో తల్లిని చీకటి కొట్లో పడేసి, కటిక పథ్యంతో మాడ్చిన అన్యాయమూ వుంది. దాన్ని మనం వదిలేశాం, మంచిదే. దాంతోపాటు తల్లికి కాస్త యేకాంతం కావాలన్న మాటనూ వదిలేశాం. మైల అన్న పేరు తీసేసి చూస్తే, మా కోడలు అడిగింది అదే.

ఆ సాయంత్రం నేనే నలభై యిళ్ళకూ ఫోన్లు చేశాను. చాలామంది అర్థం చేసుకున్నారు. మా పెద్ద వదినగారు మాత్రం "కోడలి మాట జవదాటవన్నమాట" అని ఫోను పెట్టేశారు. యిప్పటికీ మాట్లాడటం లేదు. ఆవిడ కోపం పోయేదాకా నేనే వెళ్ళి బతిమాలుకోవాలి. కోడలి గది తలుపు తోసి, "బారసాల నువ్వన్నప్పుడే" అని చెప్పాను. అది యేమీ అనలేదు. పిల్లవాణ్ణి నా ఒళ్ళో పెట్టింది. చేతులు కడుక్కున్నానా లేదా అని మా మనవరాలు నిలదీసింది.

అక్కలారా, యీసారి పిల్లల్ని జూకి తీసుకువెళ్ళినప్పుడు గాజు తట్టకండి, యీలలు వేయనివ్వకండి, చేతిలో బిస్కట్లు విసరనివ్వకండి. జంతువు లోపలికి వెళ్ళి పడుకుంటే డబ్బు దండగ అయిందని విసుక్కోకండి. లోపల కూన వుందేమో! యెండాకాలం అక్కడి వాళ్ళు జంతువులకు నీళ్ళు చల్లుతూ, పళ్ళు కోసి పెడుతూ తిరుగుతుంటారు. ఒక్క నిమిషం ఆగి పలకరించండి. వాళ్ళకు తెలిసినంత మనకు తెలియదు.

అలాగే, మీ యింట్లో పురుడు వస్తే తలుపు మూసి వుంచండి. యెప్పుడు తెరవాలో ఆ తల్లినే చెప్పనివ్వండి.