తమ తలుపు, తమ తాళపుచెవి
(శతవత్సరోత్సవ సందర్భమున సంఘ పెద్దల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవములో ఆలయములను గూర్చి, పాఠశాలలను గూర్చి, వైద్యశాలలను గూర్చి మాటలాడువారు అనేకులున్నారు. నాకిచ్చిన కొద్ది సమయములో నేను చెప్పదలచినది అద్దె ఇండ్లను గూర్చి. స్వల్ప ఆదాయముగల వృద్ధులు ఒకరిపై ఆధారపడక కాపురముండగల చిన్న వాటాలను గూర్చి.

వృద్ధులకు వసతి అనగానే మనకు తోచునది వృద్ధాశ్రమము. వరుసగా మంచములు, గంట కొట్టగానే భోజనము, సాయంత్రమునకు గేటు మూత. లేవలేనివారికి, చూచు దిక్కులేనివారికి అవి అవసరమే. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము కూడ జిల్లాకొక ఆశ్రమమును, కనీసము 150 మంది నిరుపేదలకు చాలునట్టి దానిని, ఉద్దేశించినది. అయితే మన సంఘములలో మరియొక తరగతివారున్నారు. ఆసుపత్రిలో ఆయాలుగా పనిచేసినవారు, హాస్టళ్లలో వంట చేసినవారు, బైబిల్ స్త్రీలు, బిడ్డలు లేని విధవరాండ్రు. వీరు తమ అన్నము తాము వండుకొనగలరు. ఆదివారము తమ కాళ్లమీద ఆలయమునకు రాగలరు. వీరికి నర్సు అక్కరలేదు, వార్డెను అక్కరలేదు. తాము చెల్లింపగల అద్దెకు ఒక గది కావలెను. "కొడుకింట్లో నాకు మంచముంది గాని తలుపు లేదు అయ్యగారూ" అని ఒక తల్లి నాతో అన్నది. ఆమె మంచము వరండాలో ఉన్నది.

ఇది క్రొత్త ఆలోచన కాదు. జర్మనీ దేశమందలి ఔగ్స్‌బర్గ్ పట్టణములో యాకోబ్ ఫుగ్గర్ అను వర్తకుడు 1521లో పేదలకొరకు ఫుగ్గెరై అను ఇండ్ల సముదాయమును స్థాపించెను. అందులో నేటికిని జనులు కాపురమున్నారు. ఏడాదికి అద్దె ఆనాటి ఒక గుల్డెన్, అనగా నేటి 88 సెంట్లు. ఒక యూరో కూడ కాదు. దానితోపాటు దినమునకు మూడు ప్రార్థనలు చేయవలెను. (అద్దెకంటె ప్రార్థనలే బరువని మనలో కొందరనుకొనవచ్చును!) ప్రతి వాటాకు వేరు గుమ్మము. తలుపు గంట లాగెడి పిడులు కూడ వేర్వేరు ఆకారములలో ఉండును. వీధి దీపములు లేని కాలములో చీకటిలో తడవి తమ ఇంటిని గుర్తించుటకట. 1944 బాంబుదాడిలో చాలమట్టుకు కూలిపోగా మరల కట్టిరి. అయిదువందల ఏండ్లు ఎట్లు నిలిచినది? ఆ అద్దెతో కాదు. ఆ ధర్మనిధికి అడవులున్నవి. వాటి రాబడి మరమ్మతులకు వచ్చుచున్నది. మనవారు శంకుస్థాపన ఘనముగా చేయుదురు, సున్నము వేయుటకు సొమ్ము ఉంచరు. అందుచేత ఈ సంగతి విప్పి చెప్పితిని.

అమెరికాలో 1959 గృహనిర్మాణ చట్టములోని 202వ విభాగము క్రింద లాభాపేక్షలేని సంస్థలకు తక్కువ వడ్డీకి అప్పులిచ్చిరి. అనేక సంఘములు ముందుకు వచ్చెను. 1990లో పద్ధతి మారి, 40 ఏండ్లు పేద వృద్ధులకే ఉంచినచో ఆ సొమ్ము తిరిగి చెల్లింపనక్కరలేదనిరి. 62 ఏండ్లు నిండినవారు తమ ఆదాయములో 30 శాతము అద్దె ఇత్తురు. తక్కిన నిర్వహణ వ్యయము ప్రభుత్వము భరించును. ఎవరి వంటగది వారిది, ఎవరి స్నానపు గది వారిది. అక్కడను లోటున్నది. 2012 మొదలు కొన్నేండ్లు క్రొత్త కట్టడములకు నిధులు నిలిచిపోయినవి. పేరు నమోదు చేసికొని ఏండ్ల తరబడి వేచియుండువారున్నారు.

ఇక మన లెక్క చూతము. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలో వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలకు పెరిగినది. అందులో 30 శాతము 1,200. ఆ సొమ్ముకు మన పట్టణములో వంటకు చోటు, స్నానమునకు చోటు ఉన్న వాటా ఎవరైన చూపగలరా?

ఆలయము వెనుక ఖాళీ స్థలమున్నది. రోడ్డువైపు దుకాణములు కట్టుదమని కమిటీలో ఆలోచనయు ఉన్నది. కట్టుడు, నేను వద్దనను. అయితే వెనుకవైపు పండ్రెండు గదులు కూడ కట్టి, రెండు దుకాణముల అద్దె ఆ గదుల మరమ్మతులకే అని తీర్మానము వ్రాయుడు. అదియే మన అడవి. మేడ వద్దు, అన్నియు నేలమీదనే. గడపలు ఎత్తుగా వద్దు. చక్రముల కుర్చీ దాటవలెను. కుర్చీవంటి మరుగుదొడ్డి, గోడకు పట్టుకొను కడ్డీలు మొదటనే పెట్టవలెను, పడిన తరువాత కాదు. అద్దె తప్పక తీసికొనవలెను. ఉచితముగా ఇచ్చినచోట ఎవరైనను వచ్చి "నీవు లే" అనగలరు; రసీదు చేతిలోనున్న మనిషిని అంత సులువుగా అనలేరు.

ఎవరికిచ్చెదరు అను ప్రశ్నకు నేను వెరచుచున్నాను. పెద్దల సిఫారసు, పాస్టర్ల బంధుత్వము ఇందులోకి రాకూడదు, నా బంధువులతో సహా. దరఖాస్తు వచ్చిన తేదీ వరుసనే ఇయ్యవలెను. ఆ పుస్తకము ఎవరడిగినను చూపవలెను. కాళ్లాడని దినము వచ్చినప్పుడు ఎవరికి కబురు పెట్టవలెను, ఎక్కడకు చేర్చవలెను అన్నది తాళపుచెవి ఇచ్చు దినముననే కాగితముపై వ్రాసికొనవలెను. ఆస్తి ట్రస్టు అనుమతి రానిదే ఇటుక పేర్చరాదు. అందుకు కాలము పట్టును గనుక ముందు అదే అడుగవలెను.

స్త్రీల మైత్రివారు వాడవాడకు వెళ్లి, ఒంటరిగానున్న వృద్ధుల పేర్లు, వారు ఇప్పుడిచ్చుచున్న అద్దె వ్రాసికొనుటకు ఒప్పుకొన్నారు. మీ వీధిలో అట్టివారుంటే, మన సంఘమువారైనను కాకపోయినను, ఈ నెలాఖరులోగా వారికి తెలుపుడు.