సేవకూ పద్దు వ్రాయాలి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగపూట మన ఉన్నత పాఠశాల పిల్లల చదువును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. తళవాయిపురం నైటీలకు పేరుపడిన ఊరు. కాని ఒక నైటీకి గుడ్డ ఖర్చెంత, కుట్టుకూలి ఎంత అని మన పిల్లలను ఎప్పుడైనా అడిగినామా?

సాంఘిక వ్యాపారమనే మాట ఈ మధ్య వినబడుతున్నది. అది దానం కాదు. లాభమొక్కటే గురిగా గల వర్తకమూ కాదు. నలుగురి లోటు తీర్చే పని మొదలుపెట్టి, ఆ పని తన ఖర్చు తానే సంపాదించుకొనేటట్లు చేయడం.

ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారు ఉద్యోగ విరమణానంతరం 1976లో మదురైలో 11 పడకలతో అరవింద కంటి ఆసుపత్రి ప్రారంభించినారు. ఇవ్వగలవారి రుసుముతో ఇవ్వలేనివారికి చూపు వచ్చినది. విదేశీ కటకముల ధర భారమైనందున 1992లో ఆరోలాబ్ స్థాపించి, ఇక్కడనే చౌకగా తయారు చేయించినారు. అక్కడ దయతోపాటు లెక్క కూడా ఉన్నది. పిల్లలకు మనం దయ గురించి చెబుతాము, లెక్క చెప్పము.

ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలలలో 2021లో 11, 12 తరగతుల పిల్లలకు తలకు రూ. 2,000 మూలధనమిచ్చి చిన్న వ్యాపారములు చేయించినారు. మనకు అంత సొమ్ము కూడా అక్కరలేదు. కుట్టుశాలలలో మిగిలే గుడ్డముక్కలు చాలు. 2019 జనవరి 1 నుంచి మన రాష్ట్రంలో ప్లాస్టిక్ సంచులు నిషిద్ధం. కనుక గుడ్డసంచికి గిరాకీ ఉండవచ్చును.

తొమ్మిదవ తరగతి పిల్లలు నలుగురేసి జట్టుగా చేరి గుడ్డముక్కలు తూచి వ్రాయాలి. ఎటువంటి సంచి కావాలో, ఎంత ఇస్తారో అంగళ్లవారిని అడగాలి. ఇంట తెలుగు, బజారులో తమిళం మాట్లాడే మన పిల్లలకు అది కష్టం కాదు. కుట్టుపని ఇంట మిషనున్న తల్లులకు న్యాయమైన కూలి ఇచ్చి చేయించాలి. పిల్లలను మిషను ముందు కూర్చోబెట్టరాదు. అది చదువు కాదు, చాకిరి. చివరకు ఖర్చెంత, మిగులెంత, ఎవరికి మేలు జరిగినది అని మూడు పద్దులు చూపాలి. నష్టం వస్తే మార్కులు తగ్గించరాదు. దొంగలెక్క వ్రాస్తే తగ్గించాలి.

పరీక్షలు పాడవునని తల్లిదండ్రులకు భయం వద్దు. వారానికి ఒక్క గంట చాలు. లెక్కల పుస్తకంలోని లాభనష్టములు అప్పుడే వారికి బోధపడతాయి.

యజమానులు గుడ్డముక్కలు, ఉపాధ్యాయులు ఒక గంట, మన సంఘంవారు ఒక పద్దుపుస్తకం ఇవ్వవలెనని ప్రార్థన. వచ్చే ఉగాదికి ఈ వేదికమీద నాకు బదులు ఆ పిల్లలు నిలబడి తమ పద్దు చదివి వినిపించవలెను.