తేటపడిన పిమ్మటనే పెంపు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పూర్వము మన సీమలో వఱదనీటిని బిందెకెత్తిన ఇల్లాలు వెంటనే త్రాగనిచ్చెడిది కాదు. చిల్లగింజ అరగదీసి కలిపి, మన్ను అడుగునకు దిగువఱకు కదపక ఉంచెడిది. బిందెల సంఖ్య పెంచినంతమాత్రమున బురదనీరు మంచినీరు కాదు. పనికైనను బ్రతుకునకైనను మొదట తేట, పిదప పెంపు.

ఈ మాటకు మన డెల్టాయే సాక్షి. 1832–33 నాటి డొక్కల కరవున గుంటూరు సీమలో లక్షకు పైగా జనము మడిసిరి. కృష్ణ ఏటేట సముద్రమున కలియుచునే యుండెను. ఆ నీటిని పొలమునకు మళ్ళించు ఏర్పాటు మాత్రము లేకుండెను. కాటన్ దొర ప్రోత్సాహమున, కాప్టెన్ ఓర్ పర్యవేక్షణమున, 1852లో మొదలై 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్టకు ముందు ఏండ్ల తరబడి పరిశీలనలు జరిగెను. బెజవాడ, సీతానగరముల నడుమ నది రెండు కొండల మధ్య ఇఱుకుగా పాఱును. అచ్చటినుండి నేల సముద్రమువైపు వాలును. డెల్టాలో నది ఒడ్డు మెరక. ఒడ్డునకు దూరమైనకొలది పల్లము. కావున సాగుకాలువ మెరకను, మురుగుకాలువ పల్లమును పట్టి పోవలెను. నీరు పల్లమెఱుగునని సామెత; కాలువ త్రవ్వువాడు నీటికంటె ముందుగా పల్లమెఱుగవలెను. మెరక తెలియక త్రవ్విన కాలువను ఎంత వెడల్పు చేసినను చివరి చేను తడవదు. మురుగు పోవు దారి చూడక పెంచిన సాగును వాన ముంచును. 1952లో ఆనకట్టకు గండిపడగా, 1954లో ఆరంభించి 1957లో పూర్తిచేసిన ప్రకాశం బ్యారేజి ఆ పాత కాలువలకే నీరందించెను. పునాది కొలత సరియైనందుననే పెంపు నిలిచినది.

భారతమున ఉద్యోగపర్వ కథ ఎల్లరెఱిగినదే. సుయోధనుడు సేనల లెక్క చూచి సంతసించెను. అర్జునుడు ఆయుధము పట్టనన్న కృష్ణుని కోరుకొనెను. తనకు కావలసినదేదో అర్జునునకు తేటతెల్లము. సుయోధనునకు సంఖ్యయే బలమని తోచెను.

లెక్కకును ఇదియే ధర్మము. నాటి జమాఖర్చు నాడు చిట్టాకెక్కింపక, ఆవర్జాలో ఎవరి పద్దు వారికి విడదీయక, రెండవ దుకాణము తెఱచువాడు చేతిలో ఆడు రొక్కమెల్ల లాభమని భ్రమించును. అందు అప్పుసొమ్మెంతో వానికి తెలియదు. మఱి రెండెకరములు కౌలునకు పట్టదలచిన రైతు, గడచిన పంటలో విత్తనము, ఎరువు, కూలి, కౌలు పోగా మిగిలినదెంతో వ్రాసి చూచుకొనవలెను. మిగులు లేని సేద్యమును రెట్టించిన రెట్టింపగునది నష్టమే.

అట్లని సర్వము తేటపడినగాని అడుగు వేయననుటయు తగదు. అట్టివానికి ఏరువాక దాటిపోవును. కావలసినది సర్వజ్ఞత కాదు. ఎవరికొఱకు, దేనితో, ఎంతవఱకు అను మూడింటికి సూటియైన జవాబు చాలును.

మన గ్రంథాలయోద్యమ పెద్దలు ఈ జవాబు ఎఱిగినవారు. బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయము వెలసెను; 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. గ్రంథాలయమునకు రాలేనివారు ఉన్నారని గుర్తించిన పాతూరి నాగభూషణముగారు 1935లో పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువపై పడవలో పుస్తకములు నడిపించిరి. వారు మేడ కట్టుటకు ముందు చదువరి ఎక్కడ ఉన్నాడో చూచిరి.

ఈ రజతోత్సవమున క్రొత్త భవనము, క్రొత్త బీరువాలు కావలెనను ఉత్సాహము సహజము. చందా పుస్తకము పట్టుకొని బయలుదేఱుటకు ముందు, పుస్తకముల ఎరవు చిట్టాను ఒకమాఱు తెఱచి చూడవలెను. ఏ గ్రంథము చేతులు మాఱి నలిగినది? ఏది కుట్టు విడక దుమ్ము పట్టినది? ఊరి స్త్రీలలో ఎందఱు పుస్తకము గైకొనిరి? ఈ ఇరువదియైదేండ్లలో ఒక్క చందాదారైనను లేని వాడ ఏది? ఆ వాడకు దారి తెలియక కట్టిన మేడ, మెరక చూడక త్రవ్విన కాలువ వంటిది.

వేసవిలో కాలువ కట్టి పూడిక తీసిన పిమ్మటనే తొలకరికి నీరు వదలుదురు. ఇది మన పూడిక తీయు వేళ. కృష్ణ నీరు చివరి చేనికి అందునట్లు, గ్రంథము చివరి ఇంటికి చేరుగాక!