పందెమున నొడ్డునది ఎవరి సొత్తు?

(తరిగొప్పుల గ్రామమున చేసిన ఉపన్యాస పాఠము)



ప్రత్తి అమ్ముడుపోయి రైతు చేతికి రూకలు వచ్చు దినములివి. అవి అప్పులవానికి, ఎరువుల దుకాణమునకు, పిల్లల చదువునకు రాకముందే పంచబడియున్న రూకలు. ఈ దినములయందే పత్తాలాట హెచ్చును. చెట్టుక్రింది చాపయు, చేతిలోని సెల్‌ఫోనును ఆ రూకలకొరకే కాచుకొనియుండును. జూదము చెడ్డదని మీకు మేము చెప్పనక్కరలేదు. ఆడువానికిని అది తెలియును. మేము న్యాయవాద వృత్తియందున్నవారము గావున న్యాయమునకు సంబంధించిన ప్రశ్న నొక్కదానినే మీ ముందుంచెదము. పందెమున నొడ్డునది ఎవరి సొత్తు?

ఈ ప్రశ్నను కౌరవసభయందు ద్రౌపది యడిగెను. ధర్మరాజు రాజ్యము నోడెను, తమ్ముల నోడెను, తన్ను తానోడెను. పిమ్మట భార్యను పణముగా పెట్టెను. తనపై తనకే అధికారము పోయినవానికి నాపై అధికార మెట్లు మిగిలెనని ఆమె వాదము. భీష్మునంతటి పెద్దయు దానికి తేటగా బదులు చెప్పజాలకపోయెను.

శాస్త్రములును చట్టములును ఇంటివారి పక్షముననే నిలిచినవి. తండ్రి చేసిన జూదపు ఋణమును, త్రాగుడు ఋణమును కొడుకు తీర్చనక్కరలేదని మనుస్మృతి చెప్పినది. పందెపు ఒప్పందము చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టము 30వ సెక్షను చెప్పుచున్నది. గెలిచినవాడు దావా వేసి రాబట్టుకొనలేడు. నిజాము రాజ్యమునందు 1305 ఫసలీ నాటికే జూదమునకు చట్టము కలదు. సికింద్రాబాదు క్లబ్బొకదాని వ్యాజ్యమున రమ్మీ ముఖ్యముగా నేర్పునకు సంబంధించిన ఆటయని 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, ఆ సందున పెక్కుమంది దూరిరి. 2017లో తెలంగాణ ప్రభుత్వము 1974 నాటి చట్టమును సవరించి ఆ సందును మూసినది. 2025 ఆగస్టులో పార్లమెంటు పైకము పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను దేశమంతట నిషేధించుచు చట్టము చేసినది.

ఇన్ని చట్టములుండగా ఇండ్లేల కూలుచున్నవి? చట్టము ఓడినవానిని, గెలిచినవానిని చూచును. కొంప ముంచువాడు మూడవవాడు. అతడు ఆట ప్రక్కనే కూర్చుండి అప్పిచ్చును. నోటులో జూదమను మాటయే యుండదు. వ్యవసాయ ఖర్చులకును, కుటుంబావసరములకును చేబదులు పుచ్చుకొంటినని వ్రాసి ఓడినవాడు వ్రాలు చేయును. ఏండ్లు గడచిన పిమ్మట ఆ కాగితము కోర్టుకు వచ్చును. కుటుంబమునకు పైస ముట్టలేదని ఇల్లాలు మొరపెట్టినను, భర్త చేవ్రాలే ఎదుట నిలుచును. డిక్రీ యగును, పొలము జప్తునకు వచ్చును. ఆమె మెడలోని పుస్తెలతాడు కుదువకు పోవుటకు కోర్టుతో పనియే లేదు.

మరి ఆత్మనిగ్రహ మెప్పుడు చూపవలెను? ఆట నడుమ అది దొరకునని నమ్మువాడు మోసపోవును. పోయినదానిని రాబట్టుకొని లేచెదనను ఆశయే మనుష్యుని చాపకు కట్టివేయును. నలమహారాజు పుష్కరునితో ఆడుచుండగా మంత్రులును పౌరులును వాకిట నిలిచి వేడినను వినలేదు. అప్పుడు దమయంతి పిల్లలిద్దరిని సారథియగు వార్ష్ణేయునితో కుండినపురమునకు, తన పుట్టింటికి పంపివేసెను. పిల్లలను తల్లిగారింటికి పంపు ఆ దుఃఖము మన పల్లెలయందలి ఇల్లాండ్రకు క్రొత్తది కాదు.

కావున నిగ్రహము కూర్చుండకముందే కావలెను. పంట పైకము వచ్చిననాడే దంపతులిద్దరు కూర్చుండి లెక్క చూచుకొనుడు. ఇద్దరి పేర బ్యాంకు ఖాతా యుంచి, పాసుపుస్తకము ఇల్లాలి చేతికిండు. ఆటలో ఓడినచో నోటుపై వ్రాలు చేయక, ఆ రాత్రియే ఇంటిలో చెప్పుడు. సిగ్గు ఒక్క రాత్రిది. నోటు వడ్డీతో పెరుగును. మానదలచియు మానలేనివానిని వెక్కిరింపకుడు. అట్టి జూదవ్యసనమును ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధులలో చేర్చినది. ప్రభుత్వపు మానసిక సహాయ కేంద్రమునకు 14416 అను సంఖ్యతో ఫోను చేయవచ్చును.

ఇది జనగామ సీమ. 1946 జూలై 4న కడవెండియందు దొడ్డి కొమరయ్య నేలకొరిగినది ఈ సీమలోనే. దొరలు గుంజుకొన్న భూములకై మన పెద్దలు ప్రాణములొడ్డిరి. ఆ భూమిని మనమే చాపమీద పెట్టినచో ఎవరిపై పోరాడుదుము? స్వపరిపాలన కావలెనని తెలంగాణోద్యమమున మేము ఊరూర తిరిగితిమి. తన చేతిని తాను ఆపుకొనలేనివానికి ఆ స్వపరిపాలన ఏమి మేలు చేయగలదు?

ద్రౌపది ప్రశ్న సర్వమును పోయిన పిమ్మట వచ్చినది. మీ యింటిలో దానిని ముందుగనే అడుగుడు.