వహముకు మందు ఉన్నది
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి ఏడూ ఈ సభలో మమ్మల్ని పిల్లల చదువు గురించి మాట్లాడమంటారు. ఈసారి కార్యదర్శిగారిని అడిగి వేరే విషయం తీసుకున్నాము. ఇది సభలో చెప్పే మాటేనా అని కొందరికి అనిపించవచ్చు. చెప్పకపోతే నష్టం జాస్తి కనుక చెప్పుచున్నాము.

మన ఇళ్ళలో ఒక సామెత ఉంది. వహం కీ దవా లుఖ్మాన్ కే పాస్ భీ నహీఁ అంటారు. అనుమానపు రోగానికి లుఖ్మాన్ హకీము దగ్గర కూడా మందు లేదని అర్థము. ఎవరైనా కడిగిన చేతులే కడుగుతుంటే, గడియ పెట్టిన తలుపును నాలుగుసార్లు లేచి చూస్తుంటే, ఈ సామెత ఒకటి విసిరి నవ్వి ఊరుకుంటాము. తెలుగువారయితే చాదస్తమంటారు, అనుమానం పక్షి అంటారు. మాట ఏదైనా జరిగేది ఒకటే. ఆ మనిషి మళ్ళీ ఎవరికీ తన బాధ చెప్పుకోడు. ఆ సామెత ఒకప్పుడు నిజమై ఉండవచ్చు. ఇప్పుడు నిజం కాదు. మేము ఈ రోజు చెప్పదలచినది ముఖ్యంగా ఇదే.

ఈ జబ్బుకు డాక్టర్లు పెట్టిన పేరు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్. పొట్టిగా ఓ.సీ.డీ. అంటారు. పేరు పెద్దది గానీ లోపల ఉండేవి రెండే. పిలవకుండా వచ్చే ఆలోచన ఒకటి, దానివల్ల పుట్టే భయాన్ని దించుకోవడానికి చేసే పని ఇంకొకటి. చెయ్యి నాపాక్ అయిందేమో అన్నది ఆలోచన, కడగడం పని. కడిగితే భయం దిగుతుంది, అయితే ఐదు నిమిషాలే. మళ్ళీ వచ్చేటప్పుడు ఇంకొంచెం బలంగా వస్తుంది. కడిగినందువల్లనే గండం తప్పిందని మనసు నమ్ముతుంది గదా! అప్పు తీర్చడానికి అప్పు చేసినట్లు వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. నూటికి ఒకరిద్దరికి ఈ జబ్బు ఉండునని చెప్పుచున్నారు. చాలామందికి చదువుకునే వయసులోనో, ఇరవైలలోనో మొదలగును.

ఎవరో పరాయివాళ్ళ సంగతి చెప్పుచున్నామని అనుకోవద్దు. ఈ జబ్బు మాకు ఉన్నది. ఇరవై రెండవ ఏట మొదలైనది, ఇప్పుడు మాకు నలభై ఆరు. వజూకు ఒక బధ్నా నీళ్ళు మాకు చాలేవి కావు. మోచెయ్యి తడిసిందా లేదా అని మళ్ళీ మొదటి నుంచి, తల మసహ్ చేసినామా లేదా అని మళ్ళీ మొదటి నుంచి. పెద్దపంజాణిలో నీళ్ళ సంగతి మీకు మేము చెప్పాలా? బోర్లు ఎండిపోయి ట్యాంకరు కోసం బిందెలు వరుస పెట్టిన ఏడాది కూడా మా వజూకు రెండు బిందెలు పట్టేవి. మా ఇంటావిడ ఒక్క మాట అనకుండా తెచ్చి పెట్టేది. పరీక్ష పేపర్లు దిద్దితే మార్కులు కూడడం ఇంకొక యాతన. ఒక తరగతి పేపర్లకు ఒక రాత్రి చాలదు. కూడిక సరిగ్గానే ఉందని తెలుసు, తెలిసినా చెయ్యి ఆగదు. మతి చలించినవానికి తన భ్రమ నిజమని తోచును. ఓ.సీ.డీ. ఉన్నవానికి మాత్రం తాను చేసేది అర్థం లేని పని అని చాలావరకు తెలుసు. తెలిసే చేస్తాడు. అందుకే సిగ్గు.

పైకి కనపడేవి ఇవి. కనపడనివి వీటికంటె కష్టము. పసిబిడ్డను ఎత్తుకొని బావి దగ్గర నిలబడితే, లోపల వేసేస్తానేమో అని ఒక ఆలోచన. వంటింట్లో కత్తిపీట చూస్తే ఇంకొకటి. సజ్దాలో నొసలు నేలకు ఆనించినప్పుడు, నోటితో పలకలేని మాట ఒకటి మనసులో మెదలడం. ఆ బిడ్డ మా పెద్ద కూతురు. ఆరు నెలలు మేము ఆమెను ఎత్తుకోలేదు. ఆడపిల్ల పుట్టిందని మొగం చాటేసినాడని బంధువులు అనుకున్నారు. ఆమె ఇప్పుడు డిగ్రీ చదువుచున్నది. ఈ సంగతి సభలో చెప్పవచ్చునా అని ఆమెను అడిగిన తర్వాతనే చెప్పుచున్నాము.

1978లో రాక్మన్, డి సిల్వా అను ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన ప్రకటించినారు. వీరిలో డి సిల్వా శ్రీలంకవాడు. ఏ జబ్బూ లేని మామూలు మనుషులను విచారిస్తే, ఎక్కువమందికి ఇటువంటి పాడు ఆలోచనలే వస్తున్నట్లు తేలినది. మామూలు మనిషి ఛీ అనుకొని తన పని చూసుకుంటాడు. ఈ జబ్బు ఉన్నవాడు అక్కడే ఆగిపోయి, ఇటువంటిది నాకెందుకు వచ్చింది, నేను దుర్మార్గుణ్ణా అని తవ్వుతాడు. బిడ్డకు హాని చేస్తానేమోనని వణికేవాడు ఆ బిడ్డను ప్రాణంగా చూసుకునేవాడే. నమాజులో చెడ్డమాట మెదిలిందని ఏడ్చేది నమాజు మీద గురి ఉన్నవాడే.

ఈ మాట మన దీనులో కొత్తది కాదు. కొందరు సహాబాలు రసూలుల్లా సల్లల్లాహు అలైహి వసల్లం దగ్గరికి వచ్చి, పైకి చెప్పడానికే భయమయ్యే ఆలోచనలు తమకు వస్తున్నవని మొరపెట్టుకున్నప్పుడు, అది స్పష్టమైన ఈమానేనని వారికి ఊరట చెప్పినట్లు సహీ ముస్లింలో ఉన్నది. ఆ ఆలోచనలు రావడం కాదు, అవి వచ్చినందుకు కలిగే బాధే ఈమాను గుర్తు అని ఆలిములు వివరించినారు. అనుమానం వలన నమ్మకం పోదు అన్నది ఫిఖహ్‌లో పెద్ద సూత్రము. వజూ చేసినట్లు తెలుసు, పోయిందేమో అని సందేహం మాత్రమే ఉంటే వజూ ఉన్నట్లే. డమాస్కసులో 1223లో కాలం చేసిన ఇబ్నె ఖుదామా వస్వసా పడేవారి గురించి వేరుగా ఒక పుస్తకమే రాసినాడు. అంతకు ముందే, 934లో చనిపోయిన బల్ఖ్ పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ ఒంటి ఆరోగ్యం, మనసు ఆరోగ్యం రెండూ కలిపి ఒక గ్రంథం రాసి, అందులో భయం, కోపం, దిగులుతో పాటు వస్వసాను కూడా మనసుకు వచ్చే జబ్బుగా లెక్కించినాడు. వెయ్యేళ్ళ క్రిందట మనవాడు జబ్బు అన్నదాన్ని నేడు మనం సాయా అంటున్నాము, జిన్ను అంటున్నాము. సూరా నాస్‌లో వస్వాస్ అన్న మాట ఉంది గనుక ఇదంతా షైతాను పనే, ఈమాను గట్టిగా ఉంటే పోతుంది అని కొందరు తేల్చేస్తారు. ఆ మాట విన్న రోగి తనకు ఈమాను లేదనుకొని ఇంకా కుంగిపోవును. తావీజుల మీద మాకు కోపం లేదు, మేమూ కట్టుకున్నాము. తావీజు కట్టుకొని కూడా డాక్టరు దగ్గరికి పోవచ్చు గదా. ఇంకొకటి, ఒకే మసలాను ఐదుగురు ఆలిములను అడగడం కూడా చేతులు కడగడం వంటిదే. ఒక్కరిని అడగాలి, ఒక్కసారి అడగాలి, లేచి రావాలి.

ఇక మందు సంగతి. 1966లో లండనులో విక్టర్ మేయర్ అను ఆయన, మందులకు లొంగని ఇటువంటి రోగులను, వారు భయపడే వస్తువునే తాకనిచ్చి, తర్వాత కడగనివ్వకుండా ఆపి బాగుచేయవచ్చునని చూపినాడు. ఇప్పటికీ ఈ జబ్బుకు మాటల వైద్యంలో మొదటిది ఇదే. బెంగళూరులో డాక్టరు మా చేత చేయించినది కూడా ఇదే. ఒక బధ్నా నీళ్ళు, ఒక్కసారి వజూ, సందేహం ఉన్నా లేచి నమాజుకు నిలబడడం. మొదటి రోజు గుండె దడ ముప్పావు గంట తగ్గలేదు. పదవ రోజుకు పావు గంటలో దిగింది. దడ దానంతట అదే దిగుతుందని ఒళ్ళు నేర్చుకోవడమే ఇందులో కిటుకు. దీనితో పాటు ఫ్లూయాక్సెటిన్, సెర్ట్రాలిన్ వంటి మాత్రలు ఇస్తారు. అవి మత్తు మాత్రలు కావు. వారంలో గుణం కనపడదు, రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. తగ్గిన తర్వాత కూడా డాక్టరు చెప్పినదాకా, సాధారణంగా ఏడాదికి పైగా వాడాలి. మనంతట మనం ఆపితే తిరగబడును. మాకు పూర్తిగా పోయిందని చెప్పము. పరీక్షల కాలంలో ఇప్పటికీ తొంగి చూస్తుంది. అయితే పేపర్లు ఒకసారి కూడి, కట్ట కట్టేస్తున్నాము.

పలమనేరులో బెంగళూరు బస్సు ఎక్కితే ముళబాగిలు, కోలారు మీదుగా పోతుంది. అక్కడ హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ ఉన్నది, ఓ.సీ.డీ. కోసమే వేరే క్లినిక్కు నడుపుచున్నారు. అంత దూరం పోలేనివారికి తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇల్లు కదలలేని ఆడవారు 14416కు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అది. పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

పెళ్ళి సంబంధాలు చెడిపోతాయని దాచేవారు ఉన్నారు. 1915లో మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ రోగులకు సానటోరియం తెరిచినారు. ఆ జబ్బునూ ఇట్లే దాచేవారు. నేడు ఆరు నెలలు మాత్రలు మింగి పనికి పోవుచున్నారు.

ఇంట్లోవారికి ఒక మనవి. రోగి పదే పదే, చెయ్యి శుభ్రమేనా, తలుపు వేసినామా, నేను చెడ్డవాణ్ణి కాదుగదా అని అడుగును. అవును అవును అని ప్రతిసారీ జవాబు చెప్పడం దయ అనిపించును గానీ, జబ్బుకు అదే మేత. కసరడమూ పనికిరాదు. ఒకసారి చెప్పి, రెండవసారి అడిగినప్పుడు, ఇది జబ్బు అడుగుచున్నది, పద బయట కూర్చుందాం అని పక్కన ఉండాలి. బిందెలు తగ్గించడమైనా ఒక్కసారిగా కాదు, రోగితో ఒప్పందం చేసుకొని, డాక్టరు చెప్పిన లెక్కన, ఒక్కొక్కటిగా.

సభ అయిన తర్వాత ఇషా వరకు మేము మసీదు వరండాలోనే ఉంటాము. ఎవరైనా వచ్చి అడగవచ్చు, పేరు బయటికి పోదు. ఆడవారు మా ఇంటికి పోయి మా ఇంటావిడను అడగవచ్చు. బిందెలు మోసింది ఆమె గనుక మాకంటె ఆమెకే ఎక్కువ తెలుసు.