నడతకు మార్కులుండవు



మన సర్వీసు బుక్కుల్లో ఇంక్రిమెంట్లు, సెలవులు అన్నీ ఎక్కాయి. కాగితం పట్టుకొని మన టేబుల్ దగ్గరికొచ్చిన రైతుతో ఎట్లా మాట్లాడామన్నది మాత్రం ఎక్కలేదు. పిల్లల మార్కుల మెమో కూడా అంతే.

మన పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వాళ్లం పెద్దపల్లిలోనో, మంచిర్యాలలోనో రైలెక్కితే కాజీపేట చేరుతాం. అక్కడ ఫాతిమానగర్‌లో మాంట్‌ఫోర్ట్ బ్రదర్లు 1955లో సెయింట్ గేబ్రియల్ హైస్కూలు స్థాపించారు. బ్రదర్లంటే చర్చిలో పూజ జరిపే ఫాదర్లు కారు. సంసారం, సొంత ఆస్తి వద్దనుకొని, చదువు చెప్పడమే వ్రతంగా పెట్టుకున్నవారు.

రైల్వేలో పనిచేసిన మా తమ్ముని కొడుకు అక్కడే చదివాడు. ఆఫీసరు కొడుకూ, గ్యాంగుమన్ కొడుకూ ఒకే బెంచీ, ఒకే యూనిఫాం. ఆలస్యమైతే ఇద్దరూ గేటు బయటే. పెద్దవాళ్లు గదిలోకి వస్తే ఇద్దరూ లేచి నిలబడాల్సిందే.

మావాడికి ర్యాంకులేమీ రాలేదు. ఇప్పుడు బ్యాంకులో ఉన్నాడు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ముసలివాళ్లు వస్తే తానే లేచి కుర్చీ వేస్తాడు. ఎందుకురా అంటే, "పెద్దోళ్లొస్తే లేచుడు బడిలనే అలవాటైంది పెద్దబాపూ" అన్నాడు.

ఒక్కరోజు చెప్పిన నీతితో ఇది రాలేదు. పదేండ్లు రోజూ చేయించడంతో వచ్చింది. ఏ బడైనా, సర్కారు బడైనా ఈ పని చేయవచ్చు.

మనుమణ్ణి బడిలో చేర్పించేముందు ర్యాంకుల బోర్డు చూడండి. తర్వాత బడి విడిచే వేళ గేటు దగ్గర కాసేపు నిలబడి, పిల్లలు వాచ్‌మన్‌తో, ఆయమ్మతో ఎట్లా మాట్లాడుతున్నారో కూడా వినండి. రేపు మన లైఫ్ సర్టిఫికెట్లు తీసుకునేది ఆ పిల్లలే.